రిప్లై కార్డులు: కడుపు క్యాన్సరు రోగుల ఆయుష్షు లెక్క



మాకు సర్జరీ నేర్పిన సారు చేతికింద కుట్లు వేయడం నేర్చినవాళ్ళే ఈ సభలో ముందు వరసల్లో కూర్చున్నారు, ఆయన గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఒక్క సంగతి చెప్తాను. కడుపు క్యాన్సరుకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళినవాళ్ళకు సారు ఏడాదికోసారి రిప్లై కార్డు, అంటే జవాబు కార్డు జతచేసిన పోస్టుకార్డు, రాసేవారు. అందులో ఒకటే ప్రశ్న: "తిండి ఎట్లా పోతోంది?" బతికున్నావా అని అడగలేక అడిగిన మాట అది. "ఉగాదికి ముందే పోయిండు సారూ" అని కొడుకులు రాసేవారు. జవాబు రాకపోతే ఆ ఊరి బడిపంతులుకు ఇంకో కార్డు వెళ్ళేది.

ఆ ఆపరేషన్ తొలినాళ్ళ నుంచి మొదలుపెడతాను. 1881 జనవరి 29న వియన్నాలో బిల్‌రోత్ ఒకామె కడుపులో క్యాన్సరు పట్టిన భాగాన్ని కోసి తీశాడు. అంతకుముందు ఇదే ఆపరేషన్ చేసిన పియాన్, రిడిగియర్ చేతుల్లో రోగులు దక్కలేదు. ఈమె దక్కింది, నాలుగు నెలలు. తరవాతి డెబ్భై ఏళ్ళలో రక్తం ఎక్కించడం, బేరియం ఎక్స్‌రే వచ్చాయి. నాకు పెద్దగా రుచించని కాలం, దాటేస్తున్నాను.

నా నడివయసంతా డీ1, డీ2 తగాదాకే పోయింది. కడుపును ఆనుకున్న లింఫు గ్రంథుల వరకే తీస్తే డీ1, రక్తనాళాల వెంట పోయి రెండో వరసా తీస్తే డీ2. రెండోది జపాన్ పద్ధతి. డచ్చివాళ్ళు 1989, 1993 మధ్య చీటీ తీసినట్టు రోగులను రెండు జట్లు చేసి 711 మందిలో పోల్చి చూశారు. ఆస్పత్రిలోనే పోయినవాళ్ళు డీ1లో 4 శాతం, డీ2లో 10. ఐదేళ్ళకు మిగిలినవాళ్ళు 45, 47. 1999లో ఇది అచ్చయిందో లేదో, డీ1 చాలనే అవతలి పక్షం మిత్రులు పుస్తకం మూసేశారు. డీ2 జట్టులో చాలామందికి ప్లీహం, క్లోమం తోక కూడా కోసేసి, చావుల నేరం గ్రంథులు తీయడం మీద వేస్తే ఎట్లాగండీ? ఈ మాట ఏ సదస్సులో అన్నా నాకు భోజనం దగ్గర పక్క కుర్చీ ఖాళీ.

డచ్చివాళ్ళు మాత్రం, సారులాగే, రోగుల గురించి అడగడం మానలేదు. 2010లో పదిహేనేళ్ళ లెక్క తేలింది: కడుపు క్యాన్సరుతోనే పోయినవాళ్ళు డీ1లో 48 శాతం, డీ2లో 37. మొత్తంమీద బతికినవాళ్ళు 21, 29. గణాంకాల లెక్కన ఈ 21, 29లను తేడా అనలేం, అక్కడ మిత్రులదే పైచేయి, ఒప్పుకుంటాను. ఐదో ఏటే వాకబు ఆపేసి ఉంటే ఆ 48, 37 ఎవరికి తెలిసేవి? కొందరు రోగి చివరిసారి ఓపీకి వచ్చిన రోజుతో లెక్క ఆపేస్తారు. రానివాళ్ళలో పోయినవాళ్ళే ఎక్కువైతే, ఎవరి ఆయుష్షూ పెరక్కుండానే బతికినవాళ్ళ శాతం పెరుగుతుంది.

సభాధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మిగతావి గబగబా చెప్తాను. 1982లో కడుపులో ఉండే హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవిని కనుక్కోవడం, 1994లో దాన్ని క్యాన్సరు కారకాల్లో చేర్చడం. 2006లో మ్యాజిక్ ట్రయల్: ఆపరేషన్‌కు ముందూ వెనకా కీమో ఇస్తే ఐదేళ్ళు బతికేవాళ్ళు 23 నుంచి 36 శాతానికి. 2007లో పేదల వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ. 2019లో ఫ్లాట్ అనే కొత్త కీమో మందుల కలయిక: సగంమంది దాటిన గడువు 35 నెలల నుంచి 50కి. నా ఓపీకి వచ్చేవాళ్ళు మాత్రం ఇప్పటికీ మొదట కొన్ని నెలలు గ్యాస్ గోళీలు మింగే వస్తున్నారు. దాని మీద ఇంకో గంట కావాలి, లేదు.

సారు కార్డుల కట్ట టీ బల్ల పక్కన పెట్టించాను. పైన ఉన్నది ములుగు వైపు నుంచి వచ్చింది: "రెండు పూటల తింటున్న. జొన్నరొట్టె అరుగుతలేదు."