వారిని పలకరించిన వారెవరు?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పర్చూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను దయాధర్మం కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుని ఏటా ఇలా కలుసుకుంటున్నాం. డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను ప్రజారోగ్య రంగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక వేరొక సంగతి మీ ముందుంచుతాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాదే. కలరా టీకాలు వేయడానికి, బావుల్లో బ్లీచింగు కలపడానికి కొందరం వెళ్లాం. ఎన్ని టీకాలు వేశామో, ఎన్ని బస్తాలు ఖర్చయ్యాయో రోజూ సాయంత్రం లెక్క రాసేవాళ్లం. కళ్లతో చూసినదానికి మాత్రం లెక్కా పత్రం లేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు అన్నం సహించలేదు. కళ్లు మూస్తే అవే శవాలు. ఒకరాత్రి మా అమ్మ పక్కన కూర్చుని, "ఏం చూశావురా అక్కడ?" అంది. తెల్లవారేదాకా చెప్పాను. ఆ తర్వాతే కాస్త నిద్ర పట్టసాగింది.

ఈ మాట మళ్లీ గుర్తుకొచ్చింది కరోనా రోజుల్లో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి మన పొలాల్లో మిరప కోతలు సాగుతున్నాయి. కల్లాల్లో కాయ ఉంది, గుంటూరు యార్డు మూతపడింది. అందరం తలుపులు వేసుకుని కూర్చుంటే ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, అప్పటి వలంటీర్లు ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్నారు.

మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఒకామె ఆ రోజుల్లో పిల్లలకు అంటుతుందేమోనని వరండాలోనే పడుకునేది. 2021 మేలో ఆమె జ్వరమని రాసుకున్న ఒక పెద్దాయన ఆసుపత్రికి వెళ్లి తిరిగిరాలేదు. "నువ్వు పేరు రాయబట్టే పోయాడు" అన్నారు ఆ ఇంటివాళ్లు. దుఃఖంలో అన్న మాటే. కానీ ఆమె ఇప్పటికీ ఆ వీధి మలుపు దగ్గర తల వంచుకునే వెళుతుంది. "రాయకపోతే బతికేవాడా బాబాయిగారూ?" అని మొన్న నన్ను అడిగింది. రాయకపోతే ఇంకో నలుగురికి అంటి ఉండేదమ్మా అన్నాను. ఆమె అడిగింది అది కాదని ఇంటికొచ్చాక తెలిసింది.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షలకు పైగా ఆశా కార్యకర్తలకు పురస్కారం ప్రకటించింది. సంతోషించవలసిందే. అయితే పురస్కారం అందరికీ కలిపి ఇచ్చేది. బాధ ఎవరిది వారిదే. సేవ చేసేవారు ధైర్యంగానే ఉంటారని మనం అనుకుంటాం. వారూ అలాగే నటిస్తారు. లోపల నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే చిరాకు, చేయని తప్పుకు తమను తాము నిందించుకోవడం ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఇది పిరికితనం కాదు. మోయలేని బరువు ఒంటరిగా మోసినందువల్ల వచ్చేది.

మన దగ్గర డబ్బు లేకపోవచ్చు, తీరిక ఉంది. మీ వీధి ఆశా కార్యకర్త, నర్సు, పారిశుధ్య కార్మికుడు కనబడితే అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. "ఆ రోజుల్లో ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అని అడిగి ఊరుకోండి. నాలాగా తొందరపడి సమాధానం చెప్పకండి. మనసు మరీ కుంగిపోయిందనిపిస్తే 14416కు ఫోను చేయమనండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

నేను రేపు మళ్లీ ఆమె ఇంటికి వెళుతున్నాను. ఈసారి వినడానికి. మీరూ ఒకరి ఇంటికి వెళ్లిరండి.

సెలవు.