బ్రాండు పాఠం షాపు కౌంటరు దగ్గర

డిగ్రీ ముగించి, ఐసెట్ రాసి, ఎంబీఏలో మార్కెటింగ్ తీసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. ముఖ్యంగా బ్రాండ్ మేనేజ్‌మెంట్ గురించి. "అది బొంబాయి చదువు సార్, తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి మనమేం నేర్చుకుంటాం" అనే మాట నాకు తరచూ వినబడుతుంది. అది నిజం కాదు. అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి దాకా వెళ్లొస్తే ఎవరికైనా తెలుస్తుంది.

అమరరాజా సంస్థను గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో స్థాపించారు. మన చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చిన మనిషి. మొదట్లో ఆ కంపెనీ చేసింది టెలిఫోను ఎక్స్ఛేంజీలకు, రైల్వేలకు కావలసిన పెద్ద బ్యాటరీలు. ఆ సరుకు కొనేది ఇంజినీర్లు. పరీక్షలు చేయించి, టెండరు చూసి కొంటారు. 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీల్లోకి దిగేసరికి కథ మారిపోయింది. ఇక్కడ కొనేవాడికి ఆ డబ్బా లోపల ఏముందో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. పైగా అప్పటికే ఎక్సైడ్ పేరు జనం నోట పాతుకుపోయి ఉంది.

అమరాన్ గురించి రాయమంటే మన పిల్లలు ఆకుపచ్చ డబ్బా గురించి రాస్తారు, టీవీలో వచ్చిన మట్టిబొమ్మల ప్రకటనల గురించి రాస్తారు, చాలాకాలం మన్నుతుందని ఆ ప్రకటనలు పదేపదే చెప్పిన సంగతి రాస్తారు. అవన్నీ నిజమే. కానీ బ్యాటరీ ఎవరికైనా గుర్తొచ్చేది బండి స్టార్టు కాని రోజున. ఆ రోజు దగ్గర్లో షాపు ఉందా, ఆ సైజు బ్యాటరీ అక్కడ దొరికిందా, వారంటీ కార్డు పట్టుకెళ్తే మర్యాదగా మార్చిచ్చారా, మెకానిక్కు ఏ పేరు చెప్పాడు? అమ్మకం తేలేది అక్కడ. బ్రాండు చదువులో సింహభాగం ఇదే. ప్రకటన అందులో ఒక ముక్క మాత్రమే.

రేణిగుంట రోడ్డులో ఏదైనా బ్యాటరీ షాపులో, ఓనరును అడిగి, ఒక పూట కూర్చోండి. ఆటో ఆయన వస్తాడు. "ఏది వేస్తే బాగుంటుందినా?" అంటాడు. షాపాయన రెండు పేర్లు చెప్తాడు. "పాతది తీసుకుని ఎంత తగ్గిస్తావు?" అనేది ఆటో ఆయన రెండో ప్రశ్న. వారంటీ ఎన్ని నెలలని ఆ తర్వాత అడుగుతాడు. మీరు నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోండి. వస్తూనే కంపెనీ పేరు చెప్పి అడిగినవాళ్లు, ధర అడిగినవాళ్లు, "నువ్వే చెప్పునా" అన్నవాళ్లు. మొదటి గడి నిండితే ఆ పేరు జనంలో నాటుకుందన్న మాట. మూడో గడి నిండితే, కంపెనీ తన డబ్బు టీవీ మీద కన్నా డీలరు మీద, మెకానిక్కు మీద పెట్టాలి. డేవిడ్ ఆకర్ 1991లో, కెవిన్ లేన్ కెల్లర్ 1993లో బ్రాండ్ ఈక్విటీ గురించి రాసినవి మీరు పరీక్షకు ఎలాగూ చదువుతారు. ఆ పూట షాపులో కూర్చుని వచ్చాక చదవండి, ప్రతి పేజీలో ఆ ఆటో ఆయన కనిపిస్తాడు.

ఇలా షాపుకు వెళ్లి చూడమనడం నా సొంత తెలివి కాదు. బ్రాండ్ మేనేజరు అనే ఉద్యోగం పుట్టిందే ఇలా. 1931 మే నెలలో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు పైవాళ్లకు ఒక మెమో రాశాడు. ఒక్కో సబ్బుకు ఒక్కో మనిషి జవాబుదారీగా ఉండాలన్నాడు. ఏ ప్రాంతంలో అమ్మకం పడిపోయిందో ఆ మనిషి లెక్క చూడాలి, అక్కడికి తనే వెళ్లాలి, దుకాణదారులతోనూ వాడేవాళ్లతోనూ మాట్లాడాలి అన్నాడు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం చెప్తాను. ఎంబీఏలో ప్రాజెక్టు రిపోర్టు అని ఒకటుంది. రెండేళ్ల చదువులో మీరు సొంతంగా చేసే పని దాదాపు అదొక్కటే. దాన్ని జిరాక్సు షాపులో కొని, పేరు మార్చి, గోల్డు అక్షరాల బైండింగ్ చేయించి ఇచ్చేసే పిల్లలున్నారు. చూసీ చూడనట్టు సంతకం పెట్టే గైడులూ ఉన్నారు. అమ్మానాన్నలారా, ఫీజు కట్టేది మీరు. "నీ ప్రాజెక్టుకు ఎవరిని కలిశావు? ఏం చెప్పారు?" అని అడగండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగేదీ అదే. షాపులో కూర్చున్న పిల్ల పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడుతుంది. కొన్న రిపోర్టు రెండో ప్రశ్నకే నీళ్లు నములుతుంది.

కాలేజీ విషయం. తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, ఆడపిల్లలకు 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి. ఆప్షను పెట్టే ముందు వెళ్లి ఒక్క సంగతి కనుక్కోండి. బ్రాండ్ మేనేజ్‌మెంట్ పేపరు సిలబస్‌లో ఉండటం కాదు, పోయినేడు నిజంగా క్లాసులు జరిగాయా? చేరినవాళ్లు తక్కువని మార్కెటింగ్ పేపర్లు ఎత్తేసి, అందరినీ హెచ్ఆర్‌లోకో ఫైనాన్స్‌లోకో తోసే చోట్లు ఉంటాయి. ఫైనాన్స్ అంటే భయపడి మార్కెటింగ్‌కు రావద్దని కూడా చెప్తున్నాను. డీలరు కమీషను ఎంత, ఆఫరు ఇస్తే మిగిలేదెంత అని లెక్క కట్టలేనివాళ్లకు ఎవరూ బ్రాండును అప్పగించరు.

తిరుమల లడ్డూను బ్రాండు అనడానికి నాకు మనసొప్పదు. అది స్వామివారి ప్రసాదం. అయినా ఈ చదువు చదివేవాళ్లు దాన్ని పక్కన పెట్టలేరు. లడ్డూలు చేసే పోటులో ఏ సరుకు ఎంత పడాలో చెప్పే లెక్కను దిట్టం అంటారు. 2009లో లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరుతో వేరెవరూ అమ్మకూడదు. చట్టం బయటివాళ్ల నకలును ఆపగలదు, లోపలికొచ్చే సరుకును కాపాడలేదు. 2024 సెప్టెంబరులో నెయ్యి కల్తీ ఆరోపణలు రాగానే దేశమంతా కలత చెందింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. శతాబ్దాల నమ్మకం మొత్తం ఒక ట్యాంకరు దగ్గర జరిగే పరీక్ష మీద ఆధారపడి ఉందని ఆ రోజుల్లో అందరం చూశాం. అందుకే సరుకు కొనుగోలు, నాణ్యత పరీక్ష పేపర్లను చప్పిడివని వదిలేయకండి.

మరి పేరే లేని సరుకు సంగతి? మన చిత్తూరు తోతాపురి మామిడి చూడండి. తోటలు మనవి, గుజ్జు ఫ్యాక్టరీలు మన రోడ్ల పక్కనే ఉన్నాయి. గుజ్జు డ్రమ్ముల్లో నిండి వెళ్లిపోయి, వేరేవాళ్ల పేరుతో సీసాల్లో తిరిగొస్తుంది. 2025 సీజనులో ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఒక బ్రాండు పెట్టేస్తే ఇదంతా పోతుందని నేను చెప్పను. దిగుబడి ఎక్కువైంది, పాత గుజ్జు గోడౌన్లలో మిగిలిపోయింది, సీసాను దేశమంతా పంచాలంటే కోట్లు కావాలి. అయితే చిన్నగా, తిరుపతికి వచ్చే యాత్రికుల వరకైనా మన పేరుతో అమ్మగలమా? ఏ సైజు ప్యాకెట్టు, ఏ ధర, ఎన్నాళ్లు నిలవ? దీన్ని లెక్కలతో తేల్చిన ప్రాజెక్టు రిపోర్టు మన జిల్లాకు కావాలి.

తోతాపురి కోతల జోరు జూన్, జూలై నెలల్లో. మే నెలలోనే గైడుతో మాట్లాడి, కాలేజీ నుంచి అనుమతి లేఖ తీసుకోండి. దామలచెరువు మండీకి, బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లండి. ఫ్యాక్టరీ మేనేజర్లు సీజనులో దొరకరు, వాళ్లను ముందే కలవండి. రైతులతో మాట్లాడాలంటే మాత్రం ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో నిలబడినప్పుడు వెళ్లండి, వాళ్లకు తీరిక ఉండేది అప్పుడే.