పులుసులో ఉప్పెక్కువైతే తప్పెవరిది?

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈవిడ ఉప్పూ చింతపండూ ఎత్తుకుందేమిటా అనుకోకండి. నేను ఈ గోదావరి జిల్లాల వంటిళ్ళలోనే పెరిగాను. చెడిపోయిన వంటను బాగుచేసే విద్య ఇక్కడ ఎంతోమంది ఆడవాళ్ళకు తెలుసు. దానికి విద్య అనే గౌరవం మాత్రం దక్కలేదు.

అన్నం అడుగంటితే గరిటె పెట్టి కలపరు. వెంటనే దించి పై అన్నాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి తీస్తారు. కలిపితే మాడువాసన మొత్తానికీ పడుతుంది. ముక్కల పులుసులో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే పీల్చేస్తుందంటారు. అది పీల్చేది ఉప్పొక్కటే కాదు, ఉప్పునీళ్ళను. మిగిలిన పులుసు ఉప్పగానే ఉంటుంది. నీళ్ళూ, మరికొన్ని సొరకాయ ముక్కలూ వేసి పులుసు పెంచాలి. పులుపూ బెల్లమూ సర్దాలి. పలచబడితే కాస్త బియ్యప్పిండి కలిపి పోయాలి. పప్పు ఉడక్కముందే చింతపండు పడితే ఆ పులుపుకి పప్పు ఓ పట్టాన మెత్తబడదు. అప్పుడిక ఓపిగ్గా ఉడికించుకోవడమే. పనసపొట్టు కూరలో ఆవ దించాక కలుపుతారు, వేడికి ఘాటు పోతుంది కనుక. ఘాటు మరీ ఎక్కువైన రోజున అదే సూత్రాన్ని తిరగేసి, కూరను మళ్ళీ కాసేపు పొయ్యిమీద పెడతారు. కందలో సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలుంటాయి, గొంతు దురద వాటివల్లే. ఆ మాట తెలియకుండానే మన పెద్దవాళ్ళు కంద-బచ్చలికూరలో చింతపండు పోశారు.

ఇదంతా రసాయన శాస్త్రమే. అయితే ఈ శాస్త్రాన్ని మనం ఎందుకు నేర్చుకున్నాం? రుచికోసమేనా?

మా అమ్మ అడుగంటిన అన్నాన్ని ఎవరి కంటా పడనిచ్చేది కాదు. పై అన్నం నాన్నగారికీ మాకూ పెట్టి, మాడుచెక్కలు తను మజ్జిగలో నానేసుకుని తినేది. అవంటే ఆవిడకి ఇష్టమనే అనుకున్నాను చాలా ఏళ్ళు. కాలేజీలో చేరాక ఒకసారి అడిగితే, "ఇష్టమేమిటే! పారేస్తే మీ నాన్నగారు చూస్తారు కదా" అంది. ఆవిడ బాగుచేసుకుంటున్నది అన్నాన్ని కాదనీ, ఆ పూటనీ, తన ఒంటినీ కాపాడుకుంటోందనీ అప్పుడు అర్థమైంది.

ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు. భర్త భార్యను కొట్టడం ఏ సందర్భాల్లో సమంజసమని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏడు కారణాలు చదివి అడుగుతుంది. వంట సరిగా చెయ్యకపోవడం వాటిలో ఒకటి. 2019-21 సర్వేలో, ఏడింటిలో ఏదో ఒకదానికి అవునన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది. వాళ్ళంతా వంట గురించే అవునన్నారని నేననడం లేదు. కాని ఉప్పూ కారమూ దెబ్బల జాబితాలోకి ఎక్కాయంటే ఆ ప్రశ్న గాల్లోంచి పుట్టింది కాదు.

ఇక చాకిరీ లెక్క. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, పురుషులు 88 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకోని మగవాళ్ళు ఈ 88 లెక్కలోకి రానేరారు. గృహిణి శ్రమకు విలువ ఉందని సుప్రీంకోర్టు 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో గట్టిగా చెప్పింది. సంతోషమే. అయితే అది రోడ్డు ప్రమాదంలో మనిషి పోయాక నష్టపరిహారం కట్టే కేసు. బతికుండగా ఆ లెక్క కట్టేదెవరు?

కార్యకర్తలుగా మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒకామె వాచిన చెంపతో నా దగ్గరికొచ్చి, "తప్పు నాదేనండీ, కూర మాడ్చేశాను" అంది. "ఇకనించీ కాస్త జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. నిజానికి కొట్టినవాడి మాటే నేనూ అన్నాను. ఈనాటికీ ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది.

2005 నాటి గృహహింస చట్టం ప్రకారం చెయ్యి చేసుకోవడమే కాదు, తిట్టడం, ఎగతాళి చెయ్యడం, అవమానించడం కూడా హింసే. "మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా" అని రోజూ నలుగురిలో దెప్పిపొడిస్తే అదీ రాయాల్సిందే. ఫిర్యాదు రాసేటప్పుడు "వంట బాగాలేదని" అన్న ముక్కను చిన్న విషయమని వదిలెయ్యకండి. కూర మాడటం కారణం కాదు, సాకు.

ఇంట్లో మగపిల్లలకీ ఈ మరమ్మతులన్నీ నేర్పండి. వండేవాడికే పొరపాటంటే ఏమిటో తెలుస్తుంది. అన్నం అడుగంటిన రోజున ఆ మాడు మీ కంచంలోకే వేసుకోకండి. అందరికీ సమంగా వడ్డించండి, లేదా అందరూ చూస్తుండగా పారెయ్యండి.

సెలవు.