నాయన షిఫ్టు

ఉప్పల్, నాచారం ప్రాంతాలలో కార్మికుల ఇండ్లలో పెరిగినవారు తండ్రిని గురించి చెప్పబూనితే, ముందుగా షిఫ్టును గురించి చెప్పవలసి ఉంటుంది. వరంగల్లు పోయే బాటమీద ఉన్నది ఉప్పల్. ఆ బాట వదలి హబ్సిగూడ దగ్గర ఉత్తరానికి తిరిగితే నాచారం. ఒకనాడు చెరువుల కింద సేద్యం సాగిన పల్లెలివి. 1961లో స్థాపితమైన ఎన్.జి.ఆర్.ఐ., 1977లో స్థాపితమైన సి.సి.ఎం.బి. ఆ బాటమీదనే పేరు గడించినవి. అక్కడి ఉద్యోగులకు కార్యాలయపు వేళలుండేవి. పారిశ్రామికవాడ మనుషులకు మాత్రం దినము మూడు ముక్కలు: ఆరింటి షిఫ్టు, రెండింటి షిఫ్టు, రాత్రి పదింటి షిఫ్టు.

1980వ దశకంలో మేము నాచారంలో పెరిగినాము. అన్నదమ్ములము ఇద్దరము, ఒక చెల్లెలు. మా నాయన ఒక కర్మాగారంలో లేతు మిషనుమీద పనిచేసేవాడు. ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. రాత్రి షిఫ్టు వారమంతా ఆయన పగలు ఆ గదిలోనే నిద్రించేవాడు. “నాయన పన్నడు, మెల్లగ మాట్లాడుండ్రి” అనేది అమ్మ. మా బాల్యంలో మేము అందరికంటె ఎక్కువగా విన్న మాట ఇదే.

ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనంటే, రెండింటి షిఫ్టు వారమే మాకు ప్రియమైనది. బడినుంచి వచ్చేసరికి నాయన ఉండడు, పడుకొనేదాకా రాడు. సాయంత్రమంతా ఇల్లు మాది. ఆయన లేకపోవడం మాకు లోటుగా తోచలేదు. సెలవు దినాలలో రేడియో సన్నగా పెట్టుకొని కార్మికుల కార్యక్రమం వినేవారము. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబుల గొంతులు మాకు నాయన గొంతుకంటె ఎక్కువ పరిచయం.

అమ్మకూ నాయనకూ మధ్య కూడా మాటలు తక్కువే. వారిద్దరి సంగతులు టిఫిను గిన్నె మోసేది. అది ఖాళీగా, కడిగి వచ్చినదంటే మనసు కుదురుగా ఉన్నట్లు. మెతుకులు మిగిలినవంటే పనిచోట ఏదో జరిగినట్లు. అమ్మ మూత తీసి చూచి, ఆ పూట ఏది మాట్లాడవచ్చునో, ఏది మాట్లాడరాదో నిర్ణయించుకొనేది. బడి ఫీజు అడగవలసిన దినాన మేమూ ముందు ఆ మూతే తీసి చూచేవారము.

ఆనాడు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెద్దవారి పనిని వారానికి 48 గంటలకు పరిమితం చేసినది. కార్మికునికి అది గొప్ప రక్ష. అయితే ఆ గంటలు పగలు పడినవా, రాత్రి పడినవా అనే దానిమీద ఇంటి బతుకు నడుస్తుంది. వారం వారం నిద్రవేళ మారే మనిషికి పిల్లలతో ముచ్చటించే ఓపిక మిగలదు.

1990వ దశకంలో ఆ కర్మాగారం మూతపడినది. నాయన ఇంటనే ఉండసాగినాడు. తండ్రి పొద్దంతా ఎదుట ఉంటే ఎట్లా మెలగవలెనో మాకు తెలియదు. అలవాటుకొద్దీ మెల్లగానే మాట్లాడుకొనేవారము. చాయకు డబ్బులు కావలసినప్పుడు ఆయన అమ్మను నేరుగా అడగలేడు. “అమ్మనడుగు బిడ్డా, రెండు రూపాయలున్నయేమో” అని చెల్లెలిని పంపేవాడు. ఇంట్లో అందరమూ ఆ మాట వినేవారము, విననట్లు ఉండేవారము.

ఒకనాడు అమ్మ నోరు తెరచినది. “ఇన్నేండ్లు నువ్వు పండుకుంటె పిల్లల నోర్లు మూసిన. ఇగ ఇల్లు నువ్వు సూసుకో.” అన్న వారంలోనే ఉప్పల్‌లో బట్టలు కుట్టే కంపెనీలో చేరినది. అదే చట్టంలోని 66వ సెక్షను స్త్రీల పనిని ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ నడుమ ఉంచినది గనుక ఆమెకు రాత్రి షిఫ్టు లేదు.

ఆమె బయలుదేరిన మొదటి ఉదయం నాయన అటకమీది టిఫిను గిన్నె దించినాడు. తోమి, అన్నమూ మామిడికాయ తొక్కూ పెట్టి, ఏమీ అనకుండా గడప దగ్గర ఉంచినాడు. ఆమె కూడా ఏమీ అనకుండా తీసుకొని పోయినది. ఆ సాయంత్రం మూత తీసి చూచినవాడు నాయన. గిన్నె కడిగి ఉన్నది.

2017 నవంబరులో నాగోలునుంచి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడిచినది. షిఫ్టులు మాత్రం పోలేదు. యంత్రాల షిఫ్టులకు తోడు కంప్యూటరు కార్యాలయాల రాత్రి షిఫ్టులు వచ్చినవి. పగటిపూట కిటికీలు మూసి నిద్రించే తండ్రులు, తల్లులు ఈ ప్రసంగం చేరే ఇండ్లలోనూ ఉంటారు. అట్టి ఇండ్లలో పిల్లలను మెల్లగా మాట్లాడమనక తప్పదు. ఆ నిద్రించే మనిషి రాత్రంతా ఎక్కడ నిలబడి వచ్చినదీ, ఏమి చేసి వచ్చినదీ కూడా వారికి చెప్పడం మేలు. లేతు మిషనుమీద ఇనుము ఎట్లా తిరుగుతుందో నాయన మాకు చెప్పినాడు. కాని అది ఆ మిషను ఆగిపోయిన తరువాతనే.