అన్నం కంటే ముందు కూర

షుగర్ ఉందని తెలియగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట: "రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తిను." అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేదేమీ లేదు. గోధుమైనా బియ్యమైనా కడుపులోకి వెళ్లాక గ్లూకోజుగా మారేదే. ఎంత తిన్నాం, దేనితో తిన్నాం అన్నదే అసలు లెక్క.

కంచంలో సగం కూరే ఉండాలి. బీరకాయో, బెండకాయో, తోటకూరో. ఆలుగడ్డ వేపుడు మాత్రం ఇందులోకి రాదు. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావు అన్నం. ముందు కూర, పప్పు కాస్త తిని, ఆ తర్వాతే అన్నం కలుపుకోండి. పీచు, మాంసకృత్తులు ముందుగా చేరితే అన్నం నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ముద్దపప్పు, ఆవకాయ ఉన్న రోజున మారు వడ్డించుకోకుండా ఉండడం కష్టమే. అందుకే అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచేయండి.

రాగిజావ మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లున్నారు. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి, చక్కెరనూ త్వరగానే పెంచుతుంది. పళ్లరసమూ అంతే, దానికంటే జామకాయ కొరికి తినడం మేలు. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి.

ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఉపవాసమని భోజనం మానేయకూడదు. చెమటలు, వణుకు వచ్చి చక్కెర 70 కంటే తగ్గితే, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి. అన్నం బాగా తగ్గించబోయే ముందు మందు మోతాదు గురించి మీ డాక్టరును అడగండి.