సింగపూర్ నది కథ: పడవలు పోయాయి, లైట్లు వచ్చాయి.. మరి మనుషులు?

సింగపూర్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లో ఒక ఫోటో ఖాయంగా ఉంటుంది. రాత్రిపూట క్లార్క్ కీ, రంగురంగుల లైట్లు, నీళ్ల మీద ఒక చెక్క పడవ. ఆ పడవ పేరు బమ్‌బోట్. అది టూరిస్టుల కోసం పుట్టింది కాదండీ, ఒకప్పుడు సరుకు మోసింది. దాని పని ఎందుకు మారిందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. వైజాగ్ వాళ్లు మాత్రం చివరిదాకా ఉండండి.

1819లో బ్రిటిష్ వాళ్లు అక్కడ దిగాక వ్యాపారమంతా ఈ నది ఒడ్డునే పెరిగింది. నది పొడవు 3 కిలోమీటర్ల పైచిలుకు, అంతే! పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరేసేవి. బమ్‌బోట్లు వెళ్లి సరుకు తెచ్చేవి. హమాలీలు ఆ బస్తాలు మోసుకుంటూ, సన్నటి చెక్క పలక మీద నడిచి గోడౌన్లలో దించేవాళ్లు.

మరి చుట్టుపక్కల? డ్రైనేజీ లేని ఇళ్లు, పందుల ఫారాలు, బాతుల ఫారాలు, వీధుల్లో తిండి బండ్లు. మురుగు, చెత్త, పడవల నూనె అంతా నదిలోకే. భరించలేనంత కంపు.

1977లో ప్రధాని లీ క్వాన్ యూ 10 ఏళ్ల గడువు పెట్టారు. అసలు పాయింట్ ఇక్కడుంది. పైన చెత్త తీసేస్తే నది బాగుపడదు, మురుగు ఎక్కడ పుడుతోందో అక్కడ ఆపాలి. అందుకే సుమారు 26,000 కుటుంబాల్ని ప్రభుత్వ ఫ్లాట్లలాంటి చోట్లకి మార్చారు. దాదాపు 5,000 మంది వీధి వ్యాపారుల్ని నీళ్లు, డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లలోకి తెచ్చారు. 1983లో సుమారు 800 సరుకు పడవల్ని పాసిర్ పంజాంగ్ వైపు పంపేశారు. 1987కి నది శుభ్రమైంది. 1993లో పాత గోడౌన్లే రెస్టారెంట్లు, షాపులుగా క్లార్క్ కీ తెరుచుకుంది. 2008లో మెరీనా బ్యారేజ్ వచ్చాక ఆ నీళ్లు తాగునీటి రిజర్వాయర్‌లో భాగమయ్యాయి. ఒకప్పటి మురుగు నది!

సూపర్ కదా? కానీ లెక్క రెండు వైపులా చూడాలి. హాకర్లకి పైకప్పు దొరికింది. వాళ్ల తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పందులు పెంచుకునే వాళ్లకి ఫ్లాట్ దొరికింది గానీ పాత బతుకుతెరువు పోయింది. పడవ వాళ్ల పనికి 1972లో కంటైనర్ ఓడలు రావడం మొదలైనప్పుడే గండి పడింది. క్రేన్ దించే సరుక్కి హమాలీ ఎందుకు? నది నుంచి తరలించడంతో ఉన్న చోటు కూడా పోయింది. ఇప్పుడు అదే ఒడ్డున హమాలీల కంచు బొమ్మలున్నాయి. వాటి పక్కన మనం సెల్ఫీ దిగుతాం.

ఇక వైజాగ్. 2023లో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అదే ఏడాది నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఒకే తీరం, రెండు బతుకులు. టూరిజం వద్దని ఎవరూ అనట్లేదు. రేపు మన తీరానికి ఏ అందమైన ప్లాన్ వచ్చినా, ఆ గ్రాఫిక్స్ వీడియో షేర్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు వేద్దాం. బోట్లు ఎక్కడ ఆగుతాయి? చేపలమ్మే అక్కలు ఎక్కడ కూర్చుంటారు? వలలు బాగుచేసుకోవడానికి, ఎండుచేపలు ఆరబెట్టడానికి జాగా ఏది? ఊరి మురుగు ఎటు పోతుంది?

సింగపూర్‌లో హాకర్లు నిలబడ్డారంటే, వాళ్లకి వేరే చోటు చూపించారు కాబట్టే. ముందు చోటు, తర్వాతే తరలింపు. ఈ వరస తిరగబడితే ఒడ్డు మెరుస్తుంది, ఒడ్డు మీద బతికినవాళ్లే కనపడరు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి రేవో, చెరువు గట్టో మారుతోందా? కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!