మూడు తరముల మర్యాద

నేటి పిల్లలకు మర్యాద తెలియదను మాట వినబడని యిల్లు తెలుగునాట అరుదు. ఈ ఫిర్యాదు క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చయినది. అందు వెంకటేశము ఇంగ్లీషు చదువునకు పట్నము పోయి గిరీశము వద్ద నేర్చుకొన్నది చుట్ట కాల్చుట యొక్కటే. అనగా, నేడు మనుమలను చూచి నొచ్చుకొను తాతగారల తాతలను గూర్చియు వారి పెద్దలు ఇట్లే నొచ్చుకొనియుందురు. కావున ఫిర్యాదును కొంచెము ప్రక్కకు పెట్టి, మారినది ఏమియో చూతము.

ద్రాక్షారామము మొదలు అమలాపురము, రాజోలు వరకు గల సీమ మర్యాదకు పెట్టినది పేరు. ఇచ్చట మాట చివర 'అండి' చేరనిదే వాక్యము పూర్తియైనట్లు తోచదు. 'ఆయ్' అను ఒక్క పలుకులో అంగీకారము, వినయము, ఒక్కొక్కప్పుడు చిన్న వేళాకోళము కూడ ఇమిడియుండును. ఇట్టి సీమలో పాతకాలపు ఇండ్ల పిల్లలకు తండ్రి 'నాన్నగారు'. ఆయనను 'మీరు' అని సంబోధింపవలెను. నిజమునకు సంబోధించు అవసరమే తక్కువగా కలిగెడిది. పలక కావలెనన్నను, తీర్థమునకు పోవలెనన్నను కోరిక అమ్మ చెవిని వేయవలెను. అమ్మ సమయము చూచి విన్నవింపవలెను. ఆ అమ్మ మాత్రము ఎప్పుడును 'నువ్వే'. ఆమెపై గౌరవము తక్కువయై కాదు గదా! ఇంటిలో భయమునకు 'మీరు' అనియు, చనువునకు 'నువ్వు' అనియు పేర్లు ఏర్పడినవి.

ఆ భయమునకు వీధిబడి బలము చేకూర్చెడిది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత 'శ్రీ', రెండవవానికి 'చుక్క', ఆ తరువాతివారికి వచ్చిన వరుసను బట్టి బెత్తపు దెబ్బలు. తప్పు పెద్దదైనచో గోడకుర్చీ, గుంజీలు. ఇంకను పెద్దదైనచో కోదండము. అనగా దూలమునకు కట్టిన త్రాడు పట్టుకొని వ్రేలాడుట. దసరా దినములలో ఆ అయ్యవారే పిల్లలను వెంటబెట్టుకొని, ఇంటింట పద్యములు పాడించి సంభావన గైకొనెడివారు. పిల్లలకు పప్పుబెల్లములు దక్కెడివి. బెత్తమును, బెల్లమును ఒక్కచేతి మీదుగనే వచ్చెడివన్నమాట. అట్లు పెరిగిన పిల్లలు పెద్దలయెదుట చేతులు కట్టుకొని నిలువబడిరనుటలో వింత లేదు.

అయితే ఆ చేతులు ఎవరి యెదుట కట్టుకొనిరి? ఈ ప్రశ్న వేయుటకు మనము తరచు వెనుకాడుదుము. తాతగారి యెదుట కూర్చుండుటకు జంకిన ఎనిమిదేండ్ల బాలుడే పెరటిలోనికి పోయి, అరువదియేండ్ల పాలేరును 'ఒరేయ్' అని పిలిచెడివాడు. ఆ వృద్ధుడు తలపాగ తీసి 'ఆయ్, చిన్నబాబుగారూ' అని బదులిచ్చెడివాడు. ఇది ఆనాడు అమర్యాద కాదు, ఇదియే మర్యాద. 'ఒరేయ్' అనని పిల్లవానినే ఇంటివారు మందలించియుందురు. వయస్సునకు దక్కినదని మనము అనుకొను గౌరవము కొంతవరకు కులమునకు, భూమికి దక్కినది. నాటి పిల్లల వినయమును తలచుకొని నిట్టూర్చువారు ఆ పాలేరు మనుమని అడిగి చూచిన బాగుండును. అతడు నిట్టూర్చునని మేము అనుకొనము.

నడిమి తరమునకు మరియొక మాటతీరు వినబడినది. దానిలో రేడియోకును భాగము కలదని చెప్పుకొనుట స్వోత్కర్ష యగునేమో, కాని నిజము. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు మొదట మద్రాసునందును, పిమ్మట హైదరాబాదునందును పిల్లల కార్యక్రమములు నడపిరి. 1945లో 'బాల' పత్రికను వెలువరించిరి. పిల్లలకు వారు గురువుగారును, అమ్మగారును కారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. బెత్తము పట్టని పెద్దవారు లోకమున ఉందురనియు, తప్పు పాడినను నవ్వి మరల పాడుమందురనియు ఎందరో పిల్లలు ఆ గొంతులవలన తెలిసికొనిరి.

బెత్తమునకు చట్టము అడ్డువచ్చుటకు చాల కాలము పట్టినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. అంతకు ముందే, 2003 నుండి బడులలో మధ్యాహ్న భోజనము వండి పెట్టుచున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరమున కాపురముండి, వచ్చినవారికెల్ల కులమడుగక అన్నము పెట్టిన యిల్లాలు ఆమె. నేడు ఆమె పేర పెట్టు అన్నమును పిల్లలు ఒక్క బంతిలో కూర్చుండి తినుచున్నారు. ప్రక్కనున్నవాని తాతను 'ఒరేయ్' అనుట ఆ బంతిలో తిన్న నోటికి అంత సులభము కాదు.

పోయినది లేకపోలేదు. చుట్టము గడప త్రొక్కగానే చెంబుతో కాళ్లకు నీళ్లందించి, వరుస కలిపి పిలుచు పిల్లలు తగ్గిరి. బాబాయియు, మామయ్యయు, పెదనాన్నయు 'అంకుల్' అను ఒక్క గంపలో పడిరి. ఇది నిజముగా నష్టమే. ఎవరు మనకేమగుదురో చెప్పు మాటలు పోయిన, ఆ చుట్టరికము కూడ పలుచనగును. పిల్లలు సెల్‌ఫోనునుండి తలయెత్తరని అందుము. తలయెత్తి చూచిన, చుట్టముగారును తమ ఫోనునే చూచుకొనుచుందురు!

ఒక కార్తిక సోమవారమున మేము ద్రాక్షారామమున భీమేశ్వరాలయపు వరుసలో ఉంటిమి. అచ్చట గర్భాలయము రెండంతస్తులు. స్వామి పైభాగమును చూచుటకు మెట్లెక్కవలెను. మా ముందున్న పదేండ్ల బాలుడు, 'తాతా! నువ్విక్కడ కూచో. లైనులో నేను నుంచుంటా' అని వృద్ధుని అరుగుపై కూర్చుండబెట్టెను. వెనుకనున్న పెద్దమనిషి యొకరు 'తాతను పట్టుకొని నువ్వంటాడేమిటండీ!' అని నొచ్చుకొనిరి. ఆయనకు 'నువ్వు' వినబడినది. మాకు తక్కిన వాక్యము కూడ వినబడినది.

ఇట్టి పిల్లలు నేడు అమెరికాలోను ఉన్నారు. ఇంగ్లీషున 'నువ్వు'నకును, 'మీరు'నకును ఒకటే మాట గనుక, తెలుగునకు వచ్చునప్పటికి వారు తికమకపడుదురు. ఇటు కోనసీమలో వీడియోలో కనబడు మామ్మను అటునుండి మనుమరాలు 'మామ్మా, మీరు అన్నం తిన్నావా?' అని అడుగును. మామ్మ దిద్దదు. 'తిన్నానమ్మా, నువ్వేం తిన్నావు?' అని అడిగి, జవాబు కొరకు ఫోనును చెవిదగ్గరకు చేర్చుకొనును.